పొగగొట్టం మీద తెల్లగుడ్డ

లాంచీ ఇంజను గది
జనవరి 6

తూనీగా,

మొన్న నువ్వు నాలుగుసార్లు ఫోను చేశావని మీ పిన్ని చెప్పింది. ఈ గదిలో ఫోను మోగినా తెలీదు, తెలిసినా మాట వినపడదు. ఉత్తరం రాయి. నీ రాత కోడి గీకినట్టు ఉంటుంది, అయినా కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటాను.

అసలు సంగతికి వస్తాను. జలరవాణా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మన లాంచీ పొగ మరీ నల్లగా వదులుతోందట, ఎక్కినవాళ్లు దగ్గుతున్నారట. మార్చి ఇరవై ఎనిమిదిన ఇన్‌స్పెక్టరు వచ్చి కొలుస్తాడు. పొగ తగ్గకపోతే లాంచీని రేవుకి కట్టెయ్యాలి. యజమాని నన్ను పిలిచి, "కొత్త ఇంజను పెట్టించడం నా వల్ల కాదయ్యా. తగ్గితే నడుపుదాం, లేదంటే పాత ఇనుము కింద ఇచ్చేస్తాను" అన్నాడు.

ఇరవై ఏడేళ్లు ఈ పెద్దావిడతో కాపురం చేశాను. (మీ పిన్ని ఇంజనుని ఇప్పటికీ సవతి అనే అంటుంది.) ఈ వయసులో ఇంకో ఇంజను ముందు కొత్త పెళ్లికొడుకులా నిలబడలేను.

పోయిన సెలవులకి వచ్చినప్పుడు, వంటనూనెని మార్చి డీజిల్లో కలిపితే పొగ తగ్గుతుందని నువ్వంటే నేను పడీపడీ నవ్వాను. నీకు కోపం వచ్చి అన్నం తినకుండా పడుకున్నావు. ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సంగతేమిటో కాస్త వివరంగా రాయి.

మీ బాబాయి

*

కాలేజీ హాస్టల్, మూడో అంతస్తు
జనవరి 11

బాబాయ్,

నీ ఉత్తరం చదివి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ ల్యాబుకి వెళ్లాను. నువ్వు నవ్వు వెనక్కి తీసుకున్న కాగితాన్ని అద్దం కట్టించి పెట్టుకోవాలి.

మా ల్యాబు ఇంజను షాఫ్టు విరిగి ఆర్నెల్లయింది. ఇప్పుడు దానిమీద ఎవరో టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారు. నా ప్రాజెక్టుకి నూనె ఉంది, ఇంజను లేదు. నీకు ఇంజను ఉంది, నూనె లేదు. ఇంకేం కావాలి?

ఇదుగో వివరం. మా హాస్టల్ వంటగదిలో వేపుళ్లకి వాడిన పొద్దుతిరుగుడు నూనె రోజూ మిగులుతుంది. వంటావిడ పారబోయకుండా డబ్బాల్లో నాకోసం దాస్తోంది. దాన్ని అలాగే ట్యాంకులో పోస్తే చిక్కదనానికి, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ మూసుకుపోతుంది. అందుకని వడకట్టి, గోరువెచ్చగా చేసి, మిథనాలూ కాస్టిక్ సోడా కలిపి తిప్పుతాను. తెల్లారేసరికి రెండు పొరలవుతుంది. అడుగున ముదురు రంగు గ్లిసరిన్, పైన తేనె రంగులో పల్చటి నూనె. ఆ పైదాన్ని నీళ్లతో మూడుసార్లు కడిగి ఆరబెడితే, అదే బయోడీజిల్. నాలుగు పాళ్లు మామూలు డీజిల్, ఒక పాలు ఇది. ఇంజనులో ఒక్క మేకు కూడా మార్చక్కర్లేదు.

నాకు రెండు జవాబులు కావాలి. ట్యాంకు ఎప్పుడు కడిగారు? పొగ ఎంతుందో మనం ఎలా కొలుస్తాం? మా దగ్గరున్న పొగ కొలిచే యంత్రం గది దాటించనివ్వరు.

ఆరేళ్లపాటు రోజుకి రెండుసార్లు ఆ లాంచీలో ఏరు దాటి బడికి వెళ్లాను బాబాయ్. మెట్ల పక్కన నూనె డబ్బా మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేదాన్ని. తప్పు చెబితే నువ్వు స్క్రూడ్రైవరుతో ఇంజను మీద టక్‌మని కొట్టేవాడివి. ఆ ఇంజను పాత ఇనుము కిందికి పోనివ్వను.

నీ తూనీగ

తా.క. ఫోను ఎత్తవచ్చు కదా! ఈ విషయాలు నోటితో అయితే పది నిమిషాల పని.

*

లాంచీ ఇంజను గది
జనవరి 19

తూనీగా,

నీ ఉత్తరం యజమానికి చదివి వినిపించాను. నీళ్లతో కడుగుతావన్న దగ్గర, "నూనెని కడగడమేమిటయ్యా, బట్టలా?" అన్నాడు. చివరికి సరే అన్నాడు గానీ, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో ఒక కాగితం మీద రాసి పంపమన్నాడు. తను చదివాకే ట్యాంకులో చుక్క పడాలట.

ట్యాంకు గురించి అడిగావు. అద్దంలా ఉంది. దాని గురించి బెంగపెట్టుకోకు.

పొగ కొలవడానికి నా పద్ధతి నాకుంది. ఇనుప కమ్మీ చివర చేతిగాజు సైజు రింగు, దానికి తెల్లగుడ్డ బిగిస్తాను. లాంచీ ఏటి మధ్యకి వచ్చాక, పొగగొట్టం మూతికి జానెడు పైన పట్టుకుని నూరు లెక్కపెడతాను. గుడ్డ నలుపు చూస్తే పెద్దావిడ ఆరోగ్యం తెలిసిపోతుంది. మీ పిన్ని పాత దుప్పటి ఒకటి చింపి ఇచ్చింది. ఉత్త డీజిల్‌తో పట్టిన మొదటి గుడ్డ ఇందులో పెడుతున్నాను. నీ నూనె పోశాక పట్టే గుడ్డల్ని దీని పక్కన పెట్టి చూసుకో.

ఇంజను గదికి కొత్త సింగారం చేశాను. పైన చుక్కాని పట్టే సరంగు, వేగం పెంచమనో తగ్గించమనో నాకు చెప్పడానికి లాగే గంట తాడుకి ఎర్రగుడ్డ కట్టాను. తాడు కదిలితే జెండాలా ఊగుతుంది. చూడముచ్చటగా ఉంది.

మీ బాబాయి

*

కాలేజీ హాస్టల్
జనవరి 25

బాబాయ్,

గుడ్డ అందింది. ల్యాబులో అందరి ముందూ కవరు చించాను. మల్లెపువ్వులా ఉంది! నలుపు లేదు, మరక లేదు, పైగా నాలుగు మడతలు. పొగే లేని ఇంజనుకి నోటీసు ఎందుకిచ్చినట్టు? మా మేడమ్ గుడ్డని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "మీ బాబాయిగారి ఇంజను పొగ బదులు సబ్బు నురగ వదులుతుందా అమ్మాయ్?" అన్నారు. వెనక బెంచీవాళ్ల నవ్వులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి.

కాస్త వాసన చూశాను. సబ్బు వాసనే. ఏం జరిగింది?

జాగ్రత్తల కాగితం జతచేశాను. ఏడు అంశాలున్నాయి. మీ యజమానికి అర్థమయ్యేలా అంకెలు వేసి రాశాను. మొదటి విడత నూనె రెండు క్యాన్లు, హాస్టల్‌కి కూరగాయలు తెచ్చే వ్యానులో పంపుతున్నాను. అది తిరుగుప్రయాణంలో రేవు మీదుగా ఖాళీగానే వెళ్తుంది. డ్రైవరు మూత తీసి చూసి, "తాగొచ్చా?" అని అడిగాడు. అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పాను, తాగకూడదని. నువ్వు కూడా క్యాన్లు నిండుగా ఉన్నాయో లేదో చూసుకో.

నీ తూనీగ

*

లాంచీ ఇంజను గది
ఫిబ్రవరి 2

తూనీగా,

నేరస్తురాలు దొరికింది. ఉత్తరంతోపాటు గుడ్డని బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. మీ పిన్ని చూసింది. "ఆడపిల్ల చదువుకునే చోటికి ఇంత మురికిగుడ్డ పంపుతారా ఎవరైనా? చూసినవాళ్లు మన గురించి ఏమనుకుంటారు?" అని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టిందట. ఆ మురికే మనకి కావలసిందని నేను తల బాదుకుంటే, "అయితే ముందే చెప్పొచ్చుగా, నాకేమైనా కల వచ్చిందా?" అని రెండు రోజులు నాతో మాటలు మానేసింది. నీ పరువు పోయినందుకు మాత్రం నొచ్చుకుంది.

ఉత్త డీజిల్ గుడ్డ మళ్లీ పట్టి పంపుతున్నాను. కాటుక డబ్బా బోర్లించినట్టుంది చూడు. దాని వెనక నీ నూనె కలిపాక పట్టినవి మూడు గుడ్డలున్నాయి. మూడోది చూడు. నాకు నా కళ్ల మీదే నమ్మకం కలగలేదు, సరంగుని పిలిచి చూపించాను. వాడు గుడ్డ తిరగేసి కూడా చూశాడు.

ఇంకో వింత. పొగకి వేపుడు వాసన వస్తోంది. మొదటిరోజు లాంచీలో సగం మంది లేచి నిలబడి, "ఎవరండీ వేయిస్తున్నారు?" అని వెతకడం మొదలుపెట్టారు. ఒక పెద్దాయన నా గది మెట్లు దిగి వచ్చి, "ఒక ప్లేటు ఎంత?" అని అడిగాడు. పొయ్యి లేదంటే నమ్మలేదు. దాచుకున్నాననుకుని అలిగి వెళ్లాడు.

పిల్లా, దగ్గు మాత్రం ఎవరూ దగ్గడం లేదు. నువ్వు బతికుండాలి, నీ వంటావిడ బతికుండాలి.

మీ బాబాయి

*

కాలేజీ హాస్టల్
ఫిబ్రవరి 12

బాబాయ్,

నాలుగు గుడ్డల్నీ అట్ట మీద వరసగా కుట్టి మేడమ్ ముందు పెట్టాను. ఈసారి ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. "మన లక్షల యంత్రం చేసేది కూడా ఇదే పని కదూ. తెల్లకాగితం గుండా పొగ లాగి, నలుపు ఎంతో చూడడం. మీ బాబాయిగారు ఎంతవరకు చదువుకున్నారు?" అన్నారు. ఏడో తరగతి అన్నాను. "ఆ మిగతా చదువంతా ఎక్కడ చేశారో మరి" అన్నారు. వెనక బెంచీ వైపు తిరిగి ఒకసారి చూశాను. అందరూ పుస్తకాల్లో తలలు దూర్చేశారు.

రెండో విడత పంపాను. మూడోది ఆరుతోంది. నా చేతుల నిండా నూనె వాసనే, తలదువ్వుకున్నా అదే వాసన. నా గదిలోని అమ్మాయి తన మంచాన్ని తలుపు దాకా జరుపుకుంది.

నిన్నటి నుంచి ఒక విషయం రాద్దామా వద్దా అని కలం పట్టుకుని కూర్చుంటున్నాను. ట్యాంకు అద్దంలా ఉందన్నావు కదా. అయితే రాయనక్కర్లేదు. నాకు ఊరికే అనుమానాలెక్కువ.

బాబాయ్, నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంటర్ అయ్యాక మిగతా ఆడపిల్లలతో పాటు ఏదో ఒక కోర్సులో చేర్చేద్దామని ఇంట్లో అందరూ అంటుంటే నువ్వొక్కడివే, "దీనికి ఇంజను భాష వచ్చు, అటు పంపండి" అన్నావు. ఆ మాట వల్లే నేనిక్కడున్నాను.

నీ తూనీగ

*

లాంచీ ఇంజను గది
ఫిబ్రవరి 24

తూనీగా,

అందరం బాగున్నాం. పెద్దావిడ బాగుంది. చిన్న పని ఉండి రెండు రోజులు లాంచీ తియ్యలేదు, అంతే. గుడ్డ ఈసారి పంపడం లేదు, అయిపోయాయి. కొన్నాళ్లు నూనె పంపకు. పరీక్షలకి బాగా చదువుకో. చలికి జాగ్రత్త.

మీ బాబాయి

అమ్మా తూనీగా, నేను పిన్నిని. కవరు అంటించి తెస్తానని చెప్పి ఇది కింద రాస్తున్నాను. గుడ్డలు అయిపోలేదు, సగం దుప్పటి ఇంకా అలాగే ఉంది. పోయిన శుక్రవారం పొద్దున లాంచీ ఏటి నడిమధ్యలో ఆగిపోయింది. నలభై మంది ఉన్నారు, అందులో బడిపిల్లలు పదకొండు మంది. లాంచీ వంతెన స్తంభం వైపు కొట్టుకుపోతుంటే సరంగు లంగరు దించి ఆపాడు. చేపలవాళ్ల పడవ వచ్చి లాక్కొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, నువ్వు భయపడకు. కానీ యజమాని రేవులో అందరి ముందూ, "వంటనూనె పోసి నా ఇంజను తగలేశావు" అని నానా మాటలూ అన్నాడు. మీ బాబాయి నీ పేరెత్తలేదు. "తప్పు నాది, నూనెది కాదు" అన్నాడు. ఆరోజు నుంచీ ముద్ద దిగడం లేదు ఆయనకి. నీకు తెలియకూడదని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు నోటితో చెప్పనని కదా, రాయనని కాదు.

*

కాలేజీ హాస్టల్
ఫిబ్రవరి 28

బాబాయ్,

పిన్నిని ఏమీ అనకు. ముందు నేను చెప్పేది చదువు.

జాగ్రత్తల కాగితంలో ఏడు అంశాలు పంపాను. నేను మొదట రాసినవి ఎనిమిది. ఎనిమిదోది ఇది: "ఈ నూనె సబ్బులా పనిచేస్తుంది. పాత ట్యాంకు గోడలకి ఏళ్ల తరబడి పట్టిన మడ్డిని ఊడగొడుతుంది. ఆ మడ్డి వచ్చి ఫిల్టరులో అడ్డుపడి ఇంజను ఆగిపోవచ్చు. కాబట్టి మొదటి మూడుసార్లు ట్యాంకు నింపినప్పుడల్లా ఫిల్టరు మార్చాలి." ఇంజను ఆగిపోవచ్చు అన్న మాట మీ యజమాని చదివితే ఒప్పుకోడని భయపడ్డాను. నాకున్నది ఆ ఒక్క ఇంజనే. ఆ కాగితం చించేసి, ఆ అంశం వదిలేసి ఏడింటితో తిరగరాశాను. ట్యాంకు అద్దంలా ఉందని నువ్వన్నావు కాబట్టి ఫరవాలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోయిన ఉత్తరంలో ఇదే రాయబోయి ఆగిపోయాను.

పదకొండు మంది పిల్లలు. ఆ మెట్ల పక్కన డబ్బా మీద ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలీదు. రెండు రోజులుగా ఆ డబ్బాయే కళ్ల ముందు కనిపిస్తోంది.

ఈ ఉత్తరాన్ని యజమానికి చదివి వినిపించు. నా పేరు చెప్పు. ఆ మాటలు నేను పడాలి, నువ్వు కాదు. మేడమ్‌కి నిన్ననే అంతా చెప్పేశాను. ఆవిడ ముందు, పిల్లలంతా క్షేమమేనా అని అడిగారు. తర్వాత, "రిపోర్టులో ఆ ఎనిమిదో అంశాన్ని మొదటి పేజీలో రాయి. ఎందుకు వదిలేశావో కూడా రాయి" అన్నారు.

తూనీగ

*

ఇంటి నుంచి
మార్చి 6

తూనీగా,

మీ పిన్నిని ఏమీ అనలేదు. అనే హక్కు నాకు లేదు, ఎందుకో చెబుతాను.

ఆదివారం ట్యాంకు విప్పాను. నువ్వన్నట్టే గోడల మడ్డి అంతా ఊడి కిందికి దిగింది. నల్లటి జిగురు, రెండు చేతులతో మూడుసార్లు తోడాను. ఆ జిగురులో ఒక నీలం పెన్ను మూత దొరికింది. నాలుగో తరగతిలో ఉండగా మూత పోయిందని నువ్వు ఏరు దాటేదాకా ఏడ్చావు, గుర్తుందా? ట్యాంకు మూత తీసినప్పుడు లోపలికి తొంగిచూడొద్దని అంటూనే ఉండేవాణ్ని. కవర్లో పెట్టాను, చూసుకో. దాన్ని బట్టి ఆ ట్యాంకు కడిగి ఎన్నేళ్లయిందో నీకే తెలుస్తుంది. అద్దంలా ఉందని నీకు రాసినప్పుడు నేను దానిలోకి తొంగి కూడా చూడలేదు. నా చేతిలో పెరిగిన పిల్ల ఇంజను సంగతి నన్నడుగుతోంది, మురికిగా ఉందని ఎలా రాసేది?

ఇంకోటుంది. ఇది రాయడం కష్టం.

డీజిల్ అందనప్పుడు ఇంజను ఉన్నట్టుండి ఆగదు. ముందు ఎగశ్వాస తీస్తుంది. ఒక్కసారి పైకి లేచి, మళ్లీ కూలబడి, మళ్లీ లేస్తుంది. నీకు ఎనిమిదేళ్ల వయసులో నేర్పాను, స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి వినమని. శుక్రవారం పెద్దావిడ అయిదు నిమిషాలు అలా మొత్తుకుందట. పైనున్న సరంగుకి వినపడింది, నాకూ వినపడుతోందిలే అనుకున్నాడు. పక్కనే కూర్చున్న నాకు వినపడలేదు. కుడిచెవి మూడేళ్ల క్రితమే పోయింది, ఎడమది ఈమధ్య పోతోంది. ఇప్పుడు స్క్రూడ్రైవరుని పళ్ల మధ్య కరిచిపట్టుకుని ఎముకతో వింటున్నాను. ఆరోజు అది కూడా చెయ్యలేదు, పొగ తెల్లబడిందన్న సంబరంలో ఉన్నాను. గంట తాడుకి ఎర్రగుడ్డ కట్టింది సింగారానికి కాదు. గంట వినపడక, తాడు చూడ్డానికి. ఫోను ఎందుకు ఎత్తనో కూడా ఇప్పుడు తెలిసిందిగా.

ఇది మీ పిన్నికి తప్ప ఎవరికీ తెలీదు. యజమానికి తెలిస్తే చెవుడు మనిషికి లాంచీ ఇవ్వడు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. ట్యాంకు మడ్డి బకెట్‌లో తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. "నూనె తప్పేమీ లేదు. నా మురికిని అది బయటపెట్టింది, అంతే" అన్నాను. ఆయన ముక్కు మూసుకుని ఇరవై ఎనిమిది దాకా గడువిచ్చాడు.

ఎనిమిదో అంశం దాచినందుకు నిన్ను కోప్పడాలి. కోప్పడ్డాననుకో. ఇక నూనె పంపు.

మీ బాబాయి

*

కాలేజీ హాస్టల్
మార్చి 12

బాబాయ్,

పెన్ను మూత నా బల్ల మీద ఉంది. దాన్ని ఎన్నిసార్లు కడిగినా డీజిల్ వాసన పోలేదు, పోకపోతేనే బాగుంది. ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఆపైన లేచి సామాన్ల గదికి వెళ్లాను.

ఈ పార్సిలులో ఒక గేజి ఉంది. పాత సామాన్లలో దుమ్ము కొట్టుకుని పడి ఉంటే మేడమ్‌ని అడిగి తీసుకున్నాను, రుద్ది సరిచేశాను. ఫిల్టరుకీ డీజిల్ లాగే పంపుకీ మధ్య పైపులో బిగించు. ఫిల్టరు శుభ్రంగా ఉంటే ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది. మూసుకుపోతున్నకొద్దీ పంపు గట్టిగా పీలుస్తుంది, ముల్లు లేస్తుంది. నా గోళ్ల రంగుతో ఎర్రగీత గీశాను. ముల్లు గీత తాకితే ఫిల్టరు మార్చు. ఎగశ్వాస మొదలవడానికి చాలా ముందే నీకు కనిపిస్తుంది. చెవి చేసే పనిని కంటికి అప్పగిద్దాం బాబాయ్. నీ కళ్లు బాగానే ఉన్నాయి, నా కోడి గీతలే చదువుతున్నాయి.

ఫిల్టర్లు ఆరు పంపుతున్నాను. నాజిళ్లు విప్పి తుడువు. రబ్బరు గొట్టాలు నొక్కి చూడు, మెత్తబడి ఉంటే మార్చెయ్యి, ఈ నూనెకి పాత రబ్బరు పడదు. ఈసారి ఎనిమిది కాదు, తొమ్మిది అంశాలు రాశాను. తొమ్మిదోది: యజమానితో నీ చెవుల సంగతి నువ్వే చెప్పు. ఇది నేను సలహా ఇచ్చే విషయం కాదని తెలుసు. కానీ ఒక్క అంశం దాస్తే ఏమవుతుందో మనిద్దరికీ తెలిసింది.

ఇంకొక మాట, ఇది జాగ్రత్త కాదు. మూడేళ్లుగా ఫోను ఎత్తలేదని నీమీద ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ మూడేళ్లలో నువ్వు రాసిన ఉత్తరాలన్నీ నిన్న పెట్టె అడుగునుంచి తీసి లెక్కపెట్టాను, నలభై ఒకటి. చేతికి అంటిన గ్రీజుతోనే రాసి ఉంటావు, ప్రతిదాని అంచునా నీ బొటనవేలి ముద్ర ఉంది. ఫోను ఎత్తి ఉంటే ఇవి నాకు దక్కేవి కావు.

నీ తూనీగ

*

లాంచీ ఇంజను గది
మార్చి 29

తూనీగా,

నిన్న ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నీ వయసువాడే, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పెట్టె. పెట్టెలోంచి గొట్టం తీసి పొగగొట్టంలోకి దూర్చి, ఇంజను పూర్తి వేగంలో పెట్టమన్నాడు. సరంగు తాడు లాగాడు, ఎర్రగుడ్డ ఊగింది. మూడుసార్లు కొలిచాడు. నేను గేజి ముందు నుంచి కదల్లేదు. నీ గోళ్ల రంగు గీతకి ముల్లు ఆమడ దూరంలో పడుకుంది. పడుకున్న ముల్లుని అంత ప్రేమగా చూడ్డం మీ పిన్ని చూసి ఉంటే ఇంకో సవతి వచ్చిందనుకునేది.

వాడు కాగితం మీద ఏదో అంకె వేసి, యజమాని వైపు తిరిగి పెదాలు కదిపాడు. నాకు వినపడలేదు. యజమాని మొహం చూశాను. పళ్లన్నీ కనిపించాయి. అప్పుడు అర్థమైంది, పాసయ్యామని. ఉండాల్సిన హద్దులో సగం కూడా లేదట. ఇన్‌స్పెక్టరు వెళ్లబోతూ వాసన పీల్చి, "మీ లాంచీలో క్యాంటీను ఉందా?" అని అడిగాడట!

అందరూ వెళ్లాక నీ తొమ్మిదో అంశం చెప్పాను. యజమాని లేచి నా ఎడమచెవి పక్కకి వచ్చాడు. తర్వాత నాకు వినపడేలా గట్టిగా అరిచాడు: "నేను పది మాటలంటే ఒక్కటీ పట్టించుకునేవాడివి కాదు. పొగరనుకున్నానయ్యా ఇన్నాళ్లూ!" గేజి ఎలా పనిచేస్తుందో చూపించమన్నాడు. చూశాక, గంటతోపాటు వెలిగేలా ఎర్రబల్బు ఒకటి పెట్టిస్తానన్నాడు. ఆ రెండూ ఉన్నంతకాలం ఇంజను నాదేనట. ఇవాళ పొద్దున మొదటి లాంచీలో పదకొండు మంది పిల్లలూ ఎక్కారు. నీ డబ్బా మీద ఇప్పుడొక పిల్ల కూర్చుంటోంది. ఎక్కాలు తప్పులే చెబుతోంది కాబోలు, నాకెలాగూ వినపడవు. అనుమానం వచ్చినప్పుడల్లా టక్‌మని కొడుతున్నాను.

నిన్ను ఇంజనుల చదువుకి పంపమన్నది నేనేనని రాశావు. నేను పంపింది నువ్వు బాగుపడతావని. తిరిగి నా దగ్గరికే ఇంత వస్తుందని అనుకోలేదు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు, కళ్లజోడు మసకేస్తోంది.

నిన్న నూరు లెక్కపెట్టి పట్టిన గుడ్డ పెట్టాను. నీ అట్ట మీద చివర్న కుట్టుకో.

మీ బాబాయి

అమ్మా తూనీగా, పిన్నిని. గుడ్డ తెల్లగా ఉందని మీ మేడమ్ మళ్లీ నవ్వుతారేమో. నేను ఉతకలేదు, నీమీద ఒట్టు. ఇస్త్రీ మాత్రం చేశాను.